పక్కమాట

నందన నామ సంవత్సరం ఆశ్వయుజ బహుళ పంచమి నాడు, పగలు పదకొండు గంటలకు, నరసాపురం కాలవ లాకు దగ్గర, ఆయన నోటి నుంచి "తాయెత్తు" అన్న మాట వచ్చింది. గంట నాకెలా తెలుసంటే, లాకు తలుపులు తిప్పే లస్కరు మస్తాను అప్పుడే ఇనపపట్టా మీద పదకొండు కొట్టి, చేతిలో సుత్తితోనే వచ్చి మా పక్కన నిలబడ్డాడు. ఆ మాట ఎవరికి ఎంత చేటు చేసిందో చెప్పాలంటే, ముందు ఆ మనిషి ఎలాంటివాడో చెప్పాలి.

ఆయన కిందటి నెల కాలం చేశాడు. పట్నంలో పఠనమందిరం వారు సభ పెట్టి, నడిచే నిఘంటువు నేలకొరిగిందన్నారు. సంతాప తీర్మానం చదివినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. నేను లేవలేదు. ముసలాడికి మోకాళ్ళ నొప్పులనుకుని ఎవరో విసనకర్ర తెచ్చి చేతిలో పెట్టారు. సభ ముగిశాక కార్యదర్శిగారు నా దగ్గరికి వచ్చి, ఆయన్ని ఎరిగినవాళ్ళందరి చేతా నాలుగు ముక్కలు రాయించి పుస్తకం వేస్తున్నామనీ, లాకు దగ్గర ఆయన్ని రోజూ చూసినవాణ్ణి గనక నేనూ రాయాలనీ అడిగాడు. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. తప్పులుంటే దిద్దుకోండి, సంగతులు మాత్రం దిద్దవద్దు అన్నాను. సరేనన్నాడు. ఆయన పేరు రాయడం లేదు. పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో వేస్తారట, మళ్ళీ నా సిరా ఎందుకు.

ఇంగ్లీషు నిఘంటువును మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా ఆయన కంఠస్థం చేసిన మాట నిజం. అంత ధారణ నేను మరొకరిలో చూడలేదు. అయితే ఆ భాషలో ఒక్క వాక్యం మాట్లాడలేడు, మాట్లాడితే అర్థం చేసుకోలేడు. ఒకసారి కాలవ ఓవర్సీరు దొర ఇంగ్లీషులో నీ పేరేమిటని అడిగాడు. ఈయన పేరు అన్న మాటను పట్టుకుని, దాని పైదీ కిందదీ కలిపి అప్పజెప్పాడు. "నేకెడ్, దిగంబరమైన. నేమ్, పేరు. న్యాప్, కునుకు." దొర కాసేపు చూసి గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. తన పాండిత్యానికి దొర నోట మాట రాలేదని ఈయన ఏడాదిపాటు చెప్పుకున్నాడు.

అక్కడే ఉంది ఆయన తీరంతా. పిల్లల్ని ఏడారులెంత అని అడిగితే ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెట్టి దిగుతారు చూడండి, అలాగ. ఏ మాట అడిగినా తిన్నగా దాని దగ్గరికి పోలేడు. ఎడమకన్ను మూసి, కుడిచేతి చూపుడువేలు గాలిలోకి ఎత్తి, కనపడని పేజీ మీద వరసలు చూస్తున్నట్టు ఆ వేలు పైనించి కిందికి దించుతాడు. పెదవులు కదులుతుంటాయి. వేలు ఎక్కడ ఆగితే అక్కడి అర్థం చెప్తాడు. ఒక్కోసారి వేలు ఆగవలసిన చోట ఆగదు, ఒక వరస కిందికి జారుతుంది. వినేవాళ్ళకి తెలియదు. ఎవరైనా తెలిసినవాడు తప్పని చెప్పాడా, "పక్కనే ఉందండి" అని ముక్కుపొడుం పీలుస్తాడు. అది ఆయన ఊతపదం. పక్కనే ఉంది గనక పరవాలేదని.

ఆయన కొలువు లాకు గోడ మీద, తలుపులు తిప్పే చక్రం పక్కన. ఆ చోటు ఎంచుకోవడంలో ఎంత తెలివి ఉందో నాకు చాలాకాలం తెలియలేదు. పడవ లాకులోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. లోపలి నీళ్ళు ముందు కాలవతో సమానమయ్యేదాకా ముందు తలుపులు తెరవరు. పడవలో ఉన్నవాళ్ళు ఎటూ పోలేరు. ఒంటి మీద చొక్కా లేకుండా నల్లకోటు మాత్రం తొడుక్కున్న మనిషి పైన గోడ మీద కూర్చుని నిఘంటువు అప్పజెపుతుంటే, నీళ్ళతో పాటు మెల్లగా ఆయన దాకా లేస్తూ వినక తప్పదు. కొందరు దండం పెట్టేవాళ్ళు. కొందరు వక్కో పండో ఇచ్చేవాళ్ళు. ఆయనతో మరోచోట ఇంతసేపు కూర్చునేవాళ్ళు లేరు.

వట్టి అప్పజెప్పడం అయితే భరించవచ్చు. ఆయనకు ఒక సిద్ధాంతం కూడా ఉండేది. "ఇంగ్లీషువాడు వెర్రివాడా? ఏ మాట పక్కన ఏ మాట పెట్టాలో తెలియకుండానే పెట్టాడా? చుట్టాలనే పక్కపక్కన పెట్టాడు. వినండి. కిన్, చుట్టం. కైండ్, దయ. కిండిల్, నిప్పు అంటించు. కింగ్, రాజు. చుట్టం మీద దయ చూపిస్తే కొంపకి నిప్పంటిస్తాడు, అప్పుడు రాజు దగ్గరికి పోవాలి. నాలుగు మాటల్లో లోకమంతా పెట్టాడయ్యా." పడవలో పెద్దమనుషులు తలలూపేవారు. నేనూ ఊపాను, పడవ తోసే గెడ పట్టుకుని. వరసలో నిలబడ్డ మాటలకి అక్షరాల పొత్తు తప్ప మరో చుట్టరికం లేదని, రేవులో పడవ కోసం వరసగా నిలబడ్డవాళ్ళంతా అన్నదమ్ములు కానట్టే అని, నాకు అక్షరాలు వచ్చాక తెలిసింది. ఆయనకి చివరిదాకా తెలియలేదు.

ఒకసారి మా పడవలో పెళ్ళివారిని తీసుకెళ్తున్నాం. కొత్త పెళ్ళికూతుర్ని అత్తవారింటికి తీసుకుపోతున్న పడవ. పసుపుబట్టలు, గాజుల చప్పుడు, అంతా సందడి. లాకులో ఆగాం. పెళ్ళికొడుకు మేనమామ సరదాకి పైకి చూసి, పెళ్ళాన్ని ఇంగ్లీషులో ఏమంటారండి పంతులుగారూ అని అడిగాడు. ఈయన కన్ను మూసి వేలెత్తాడు. "విడో, విధవ" అన్నాడు గట్టిగా.

పడవలో గాజులు కూడా ఆగిపోయాయి.

"విడ్త్, వెడల్పు. వీల్డ్, ఝళిపించు" అంటూ వేలు దించుతూనే ఉన్నాడు. పెళ్ళికూతురి నాయనమ్మ లేచి, మరచెంబు మూత తీసి, ఉన్న నీళ్ళన్నీ ఆయన మొహాన కొట్టింది. పడవ ఇంకా అంత ఎత్తు లేవలేదు, అయినా గురి తప్పలేదు. ఆయన కోటు చేత్తో మొహం తుడుచుకుని, వేలు మాత్రం కదపకుండా, "వైఫ్, భార్య" అని ముగించాడు. ఆ తర్వాత, "పక్కనే ఉందమ్మా, నేనేం చెయ్యను" అన్నాడు. ముసలమ్మ దోవంతా పిల్లకి దిష్టి తీస్తూనే ఉంది. మేం అప్పుడు నవ్వుకున్నాం. చుక్కాని దగ్గర నిలబడి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు మా బావ సత్తియ్య.

మా బావ అంటే మా అక్క నూకాలమ్మ పెనిమిటి. ఆ పడవ ఆయనదే. ధాన్యం వేసుకుని లాకులోకి వస్తున్నప్పుడు నీటి వడికి పడవ గోడ మీదికి పోతుంటే, ఆయన అలవాటు చొప్పున ఎడమకాలు చాపి గోడకి తన్నిపెట్టాడు. ప్రతిసారీ ఆగేది. ఆ రోజు ఆగలేదు. పడవకీ రాతిగోడకీ మధ్య పాదం నలిగిపోయింది. ఆకుపసర్లు కట్టాం, కాపడం పెట్టాం. పాదం నల్లబడి వాసన వేయడం మొదలుపెట్టింది. బావకి ఒకటే భయం. "కాలు పోతే నేను చుక్కాని దగ్గర నిలబడలేనే. కూచుని పడవ నడిపినవాణ్ణి ఎక్కడన్నా చూశావా?" అని మా అక్కని అడిగిందే అడిగేవాడు. పడవ మీద నిలబడటం తప్ప ఆయనకి వేరే బతుకు తెలియదు.

అలా ఉండగా డాక్టరు దొర పడవ నరసాపురం పోతూ మా లాకు దగ్గర ఆగింది. దొర కొత్తగా వచ్చినవాడు, తెలుగు ఇంకా పట్టుబడలేదు. ఆయన మాటలు తెలుగులో చెప్పే కాంపౌండరు జ్వరంతో వెనకూళ్ళో ఉండిపోయాడు. మా అక్క పరుగెత్తి దొర కాళ్ళ మీద పడింది. దొర మంచివాడే. బూట్లతోనే మా పడవలోకి దిగి, కట్టు విప్పి, వాసన చూసి, మోకాలి దాకా నొక్కి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. లేచి ఏదో చాలాసేపు చెప్పాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరం తలెత్తి గోడ వైపు చూశాం. ఆ చూడటమే మా కర్మ.

పంతులు అప్పటికే లేచి నిలబడి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఆంప్యుటేట్ అంటున్నాడు" అన్నాడు. ఎడమకన్ను మూశాడు. వేలు ఎత్తాడు. పెదవులు కదిలాయి. వేలు దిగింది, దిగింది, ఆగింది. "తాయెత్తు" అన్నాడు.

మస్తాను సుత్తి కింద పెట్టి, "దొరలు తాయెత్తులు కట్టమంటారా పంతులుగారూ?" అని అడిగాడు.

"వాళ్ళకి తాయెత్తులు లేకపోతే వాళ్ళ పుస్తకంలో ఆ మాట ఎందుకుంటుంది?" అన్నాడు ఈయన. మస్తాను తలూపి సుత్తి అందుకున్నాడు.

దొరకి మేం అర్థం చేసుకున్నామో లేదోనని అనుమానం వచ్చింది కాబోలు, వంగి బావ మోకాలికి కింద, పిక్క మీద, వేలితో చుట్టూ ఒక గీత గీసి చూపించాడు. "అదుగో, సరిగ్గా అక్కడ కట్టాలి" అన్నాడు పంతులు. దొర తనకొచ్చిన తెలుగులో, "రేపు. నరసాపురం" అన్నాడు. "రేపు నరసాపురం నుంచి తెచ్చి కట్టమంటున్నాడు" అన్నాడు పంతులు. మా అక్క ఏడుపు ఆపి దొరకి దండం పెట్టింది. మా బావ వెల్లకిలా పడుకునే నవ్వాడు. కాలు నలిగాక ఆయన నవ్వడం అదే మొదలు. "ఒరేయ్ బామ్మర్దీ, పంతులుగారికి ఆ చక్రకేళి గెల ఇచ్చెయ్యరా" అన్నాడు. నేనే భుజాన పెట్టుకుని గోడ ఎక్కి ఇచ్చాను. ఆయన పళ్ళు ముగ్గాయో లేదో నొక్కి చూసి తీసుకున్నాడు.

మర్నాడు నేనూ అక్కా నరసాపురం వెళ్ళాం. రేవు వీధిలో తాయెత్తులు మంత్రించి ఇచ్చే ముసలాయన ఉండేవాడు. ఆయన ఇంటికి పోవాలంటే దొర దిగిన బంగళా ముందునుంచే దారి. వరండాలో పొడుగాటి బల్ల వేసి తెల్లదుప్పటి పరిచారు. పక్కన పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. దొర చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని మాటిమాటికీ వీధి చివరికి చూస్తున్నాడు. మా వైపూ చూశాడు గాని, కాలు నలిగిన మనిషిని మోసుకొచ్చేవాళ్ళ కోసం చూస్తున్నాడాయన. వట్టి చేతులతో నడిచిపోయే ఇద్దరిని ఏం పోల్చుకుంటాడు. మా అక్క వీధిలోంచే ఆయనకి దండం పెట్టింది. ముందుకు పోయి తాయెత్తు తెచ్చుకున్నాం. ఎర్రదారంతో, దొర గీత గీసిన చోటే, అక్క కట్టింది.

జ్వరం తగ్గిన కాంపౌండరు దొరని కలుసుకోవడానికి మా లాకు మీదుగా వచ్చేసరికి నలుపు మోకాలు దాటింది. దొర కబురు పెట్టాడట, లాకు దగ్గర కాలు చెడిన మనిషి ఏమయ్యాడో కనుక్కోమని. "కోయించుకోవడానికి ఎందుకు రాలేదయ్యా? దొర ఆ పూటంతా కత్తులు సిద్ధం చేసుకుని కూచున్నాడట" అన్నాడు. కాంపౌండరు వంగి కాలి మీది ఎర్రదారం చూశాడు. అదేంటని అడిగాడు. మా అక్క చెప్పింది. ఆ మాట విన్నాక ఆయన మొహం ఎలా అయిందో నేను రాయలేను.

బావని మోసుకుపోయాం. దొర తొడ దగ్గర కోశాడు. ప్రాణం దక్కింది. ఆ రోజే వచ్చి ఉంటే పిక్క దగ్గర కోసేవాణ్ణని, మోకాలు మిగిలి ఉంటే కర్రకాలు తగిలించుకుని పడవ మీద నిలబడేవాడని, ఇప్పుడు అది కుదరదని దొర చెప్తుంటే కాంపౌండరు తలొంచుకుని తెలుగులో చెప్పాడు. పడవ అమ్మేశాం.

నేను పంతులు దగ్గరికి వెళ్ళాను. కొట్టడానికే వెళ్ళాను. ఆయన ఎప్పటిలాగే గోడ మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. భయపడలేదు, సిగ్గుపడలేదు. సంచిలోంచి పుస్తకం తీసి, పేజీ తిప్పి, నా మొహం ముందు పెట్టాడు. నాకు అప్పటికి తెలుగక్షరాలే రావు.

"ఇదుగో, ఇది ఆంప్యుటేట్. అవయవం కోసివేయుట. ఇదుగో దీని కింద ఆమ్యులెట్. తాయెత్తు. చూడు ఎంత దూరముందో. వెంట్రుకవాసి." వేలి గోరు ఆ రెంటి మధ్యా పెట్టి చూపించాడు. "నేను తప్పు చెప్పలేదురా. పక్కమాట చెప్పాను."

ఎత్తిన చెయ్యి దించేశాను. ఈ మనిషిని కొట్టినా దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడ తగలదని అప్పుడు తెలిసింది. "ఆ వెంట్రుకవాసి మా బావ కాలి మీద ఎంతయిందో చూద్దురు గాని రండి" అన్నాను. వస్తాడనుకోలేదు. వచ్చాడు. పుస్తకం సంచిలో పెట్టుకుని, గొడుగు వేసుకుని, నా వెనకే వచ్చాడు.

మా బావ అరుగు మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. మా అక్క పీట వేసి మంచినీళ్ళిచ్చింది. "గెల ముగ్గిందా అండి?" అని అడిగింది.

"ముగ్గిందమ్మా. తియ్యగా ఉన్నాయి" అన్నాడాయన. అక్క లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆయన ఉన్నంతసేపూ బయటికి రాలేదు.

దుప్పటి కింద ఎడమవైపు ఎక్కడ చదునైపోయిందో ఆయన చూశాడు. పోనీ, ఇప్పుడైనా ఒక మంచిమాట అంటాడనుకున్నాను. అలవాటు ఊరుకోనిస్తుందా. పుస్తకం తీసి బావకి కూడా ఆ రెండు వరసలూ చూపించడం మొదలుపెట్టాడు. మా బావ శ్రద్ధగా విన్నాడు. అంతా విని, "మరి ఆ తాయెత్తు మాట కింద ఏముందండి పంతులుగారూ?" అని అడిగాడు.

పంతులు కన్ను మూశాడు. పుస్తకం చేతిలో ఉండగానే వేలు గాలిలోకి లేచింది. "అమ్యూజ్. వినోదపరచుట."

"మీరు గోడ మీద నిలబడి ఆ రోజు చేసింది అదే అయ్యుంటుందండి" అన్నాడు బావ. "ఇంకో వరస జారినట్టున్నారు."

పంతులుకి ఆ మాట ఎక్కలేదు. కాదు, కాదు, ఒకటే వరస జారిందని మళ్ళీ చూపించబోయాడు. నేను లేచి గొడుగు ఆయన చేతికిచ్చాను.

ఆ మర్నాటి నుంచి ఆయన లాకు గోడ మీదే ఉన్నాడు. అదే వరస, అదే రాగం. ఆ మాటల దగ్గరికి వచ్చినప్పుడు గొంతు ఎక్కడా తడబడలేదు. నేను బడి పంతులు అరుగు మీద పిల్లల మధ్య కూర్చుని ఓనమాలు దిద్దింది ఆ యేడే. నా గడ్డం నెరుస్తోందని పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చాను. నాకు కావలసిన మాట కోసం మళ్ళీ ఎవరి వేలు వైపూ చూడకూడదనుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు తర్వాత నేర్చుకున్నాను.

ఏళ్ళు గడిచాక ఆయన లాకు వదిలి పట్నం చేరాడు. నల్లకోటు కింద చొక్కా వచ్చింది. మా బావ కథ కూడా ఆయన నోట్లో మారుతూ వచ్చింది. ముందు తాయెత్తు పోయి, దొర మాట తెలుగులో చెప్పానన్నది మిగిలింది. ఆ తర్వాత, నేను చెప్పబట్టి పడవవాడి ప్రాణం దక్కిందన్నది చేరింది. మొన్న సభలో ఒక వకీలుగారు లేచి, దిక్కులేని పడవవాడికి దొర వైద్యం అందేలా చేసి వాడి కాలు నిలబెట్టిన మహానుభావుడని కళ్ళు తుడుచుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు మా బావ ఇక్కడ అరుగు మీద వల అల్లుకుంటున్నాడు. ఇంటికొచ్చి చెప్తే, "ఏ కాలుట?" అని అడిగి, మళ్ళీ వల అందుకున్నాడు.

అందుకే ఇదంతా రాశాను. పుస్తకంలో వకీలుగారి మాటా ఉంటుంది, నా మాటా ఉంటుంది. ఏది నిజమో తేల్చుకోవాలనుకున్నవాళ్ళు ఆ రోజు లాకు దగ్గర ఉన్నవాళ్ళని అడగవచ్చు. డాక్టరు దొర, ఆయన పేరు మాకు నోరు తిరగలేదు, తర్వాత సీమకి వెళ్ళిపోయాడు. దొర పడవ నడిపిన సరంగు వీరాసామి, పోయాడు. లాకు లస్కరు మస్తాను ఉన్నాడు, మొగల్తూరులో కూతురి దగ్గర, చెవులు సరిగా వినపడవు, గట్టిగా అడగాలి. గోడ మీద ఆయన. మా పడవలో గెడ పట్టిన నేను, అప్పన్న. మా అక్క నూకాలమ్మ. మా బావ సత్తియ్య, ఆనాటికి రెండు కాళ్ళతోటీ.